బొడ్డు ఊడువరకు

పురిటింటి నుండి మా స్త్రీల కార్యక్రమమునకు వచ్చు ఉత్తరములలో తరచు కనిపించు ప్రశ్న ఒకటి కలదు: “బిడ్డకు బొడ్డు ఇంకను ఊడలేదు, ఏమి రాయవలెను?” రాయవచ్చునా అని అడుగువారు అరుదు. ఏదో ఒకటి రాయక తప్పదని ఆ ప్రశ్నలోనే నిశ్చయమై యున్నది. ఆముదమా, పసుపా, పిడకల బూడిదా, ముఖమునకు వాడు పౌడరా అన్నదే సందేహము. నర్సు చెప్పు సమాధానము ఒక్కటే: ఏమియు రాయరాదు.

ఇంత చిన్న సమాధానమునకు ఒక ప్రసంగమేల అని శ్రోతలు అనవచ్చును. సమాధానము చిన్నదే, అది వేళకు చేరకపోవుటయే చిక్కు.

గర్భములోని బిడ్డకు ఆహారమును, ప్రాణవాయువును చేర్చునది బొడ్డుత్రాడు. అందు రెండు ధమనులు, ఒక సిర, వాని చుట్టు జిగురువంటి పదార్థము ఉండును. బిడ్డ పుట్టిన పిదప ఒక నిమిషమైనను ఆగి, క్లిప్పు వేసి, శుద్ధి చేసిన కత్తెరతో దానిని కోయుదురు. ఆగిన ఆ కొద్దిసేపటిలో మాయ నుండి మరికొంత రక్తము బిడ్డకు చేరును. మిగిలిన మొదలు గాలికి ఎండి, నల్లబడి, సాధారణముగా 5 మొదలు 15 దినములలో తనంత తానే రాలిపోవును. అంతవరకు అది మానని గాయమే. లోపలి నాళములు పూర్తిగా మూసికొనుటకు కొన్ని దినములు పట్టును గనుక, పైన చేరిన క్రిములకు అది రక్తములోనికి తిన్నని దారి.

ఆ దారిన వచ్చు వ్యాధులలో ధనుర్వాతము మిక్కిలి భయంకరమైనది. దాని బీజములు మట్టిలోను, పశువుల పేడలోను ఉండును. మొదటి రెండు దినములు చక్కగా పాలు త్రాగిన బిడ్డ ఆపైన చన్ను పట్టలేకపోవును, దవడలు బిగిసికొనును, దేహము విల్లువలె వంగును. గర్భిణులకు వేయు టీకాల వలన, శుభ్రమైన పురుళ్ల వలన ఈ వ్యాధి తగ్గి, 2003లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు, 2015లో దేశమంతటికి నిర్మూలన గుర్తింపు లభించినది. ఏ జిల్లాలోనైనను వేయి జననములకు ఒక్క కేసుకన్న తక్కువ అని మాత్రమే దానికి అర్థము. మట్టిలోని బీజములు మట్టిలోనే ఉన్నవి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో నూటికి 95కు పైగా పురుళ్లు ఆసుపత్రులలోనే జరిగినవి. మరి భయమెక్కడ? బొడ్డు కోయుట ఆసుపత్రిలో, ఊడుట ఇంట. సుఖప్రసవమైన బాలింత రెండు మూడు దినములకే ఇల్లు చేరును. అచట నర్సు ఉండదు. తొలిచూలు పురుడు పుట్టింట గనుక అమ్మమ్మ, పెద్దమ్మ, నీళ్లు పోయు మంత్రసాని ఉందురు. పదిమంది పిల్లలను చేతులమీదుగా పెంచిన ఆ పెద్దలతో పచ్చి బాలింత వాదింపగలదా? ఇంటికి బయలుదేరు హడావిడిలో చెవిని పడిన మాట ఆమెకు జ్ఞాపకముండుటయే కష్టము.

కనుకనే ఈ పాఠము ఏడవ, ఎనిమిదవ మాసములలో, పరీక్షకు వచ్చినప్పుడే చెప్పవలెను. గోడమీది బొమ్మ చూపి పంపివేసిన చాలదు. గుడ్డబొమ్మకు త్రాటిముక్క కుట్టి, గర్భిణి చేతికిచ్చి, “ఇప్పుడు మీరు చేసి చూపండమ్మా” అను నర్సు పాఠమే నిలుచునని మా అభిప్రాయము. ముందుగా సబ్బుతో చేతులు కడుగుకొనుట. గోచిగుడ్డయైనను, డైపరైనను బొడ్డుకు దిగువగా మడచి కట్టుట. బొడ్డు మలినమైనచో శుభ్రమైన నీటితో తుడిచి ఆరనిచ్చుట. ఊడువరకు నీళ్లు పోయుట మాని తడిగుడ్డతో ఒళ్లు తుడుచుట. నేర్చుకొనుటకు ఇంతకు మించి లేదు. వెంట వచ్చిన తల్లినో, అత్తగారినో ప్రక్కన కూర్చుండబెట్టి చెప్పుట మరింత ముఖ్యము. “మీ పద్ధతి తప్పు” అనినచో ఆ పెద్దావిడ మరి వినదు. “నూనె మర్దన మీ చేతి పనియే, బొడ్డు దరికి మాత్రము రానీయకండి” అనినచో వినును.

మందు కూడ వలదా? నేపాల్‌లోని సర్లాహీ జిల్లాలో క్లోర్‌హెక్సిడిన్ పూసిన శిశువులలో మరణములు నూటికి 24 వంతులు తగ్గినట్లు 2006లో ప్రకటితమైనది. అచట నాడు అధికభాగము పురుళ్లు ఇండ్లలోనే జరిగెడివి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును పేడవంటి హానికర పదార్థములు రాయు అలవాటు విరివిగా ఉన్న ప్రాంతములకే సూచించి, అందరికి శుభ్రముగా, పొడిగా ఉంచుటయే చెప్పినది.

రాలిన బొడ్డును వెండి తాయెత్తులో దాచు ఆచారము కొన్ని ఇండ్లలో గలదు. దానికి నర్సు అడ్డు చెప్పదు. రాలకమునుపు లాగవద్దనియే చెప్పును. ఊడునాడు రెండు చుక్కల రక్తము కనిపించినను భయము లేదు. బొడ్డు చుట్టు చర్మము ఎఱ్ఱబడి వాచినను, చీము కారినను, దుర్వాసన వచ్చినను, బిడ్డ ఒళ్లు కాగినను, చల్లబడినను, పాలు మానినను ఆశా కార్యకర్త రాకకై ఎదురుచూడక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. రాత్రియైనచో తెల్లవారువరకు ఆగరాదు.