రాత్రి రెండు గంటలకు పలికేదెవరు?

వృద్ధాశ్రమాల్లో గదులకు కొలతలున్నాయి. సేవకు మాత్రం లేవు. పెద్దవాళ్లను చేర్పించే కుటుంబాలు అడగాల్సిన ప్రశ్నలు, ప్రభుత్వం పెట్టాల్సిన నిబంధనలు ఏమిటి?

శ్రీసత్యసాయి జిల్లా తాడిమర్రి నుంచి ధర్మవరం స్టేషన్‌కు వెళ్లి రైలెక్కితే బెంగళూరు. వేరుశనగ చేతికి రాని ఏడాది ఆ రైళ్లలో ఈ వైపు జనం ఎక్కువ కనిపిస్తారు. కొందరిది బేల్దారి పని, కొందరిది సెక్యూరిటీ ఉద్యోగం, చదువుకున్నవాళ్లది కంపెనీ కొలువు. ఊళ్లో మిగిలేది అబ్బ, జేజి. కాళ్లు ఆడినన్నాళ్లు వాళ్లకు రోజులు గడిచిపోతాయి. ఒకటో తేదీన పింఛను ఇంటికే వస్తుంది. 2024 జులై నుంచి అది నెలకు రూ.4,000.

తుంటి ఎముక విరిగినప్పుడో, మతిమరుపు ముదిరి మనిషి దారితప్పి తిరుగుతున్నప్పుడో అసలు కష్టం మొదలవుతుంది. పక్క మండలం బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) ఆసుపత్రి ఉంది. పుట్టపర్తిలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది. వైద్యం అందుతుంది. డిశ్చార్జి అయ్యాక నెలల తరబడి లేపి కూర్చోబెట్టడం, తినిపించడం, శుభ్రం చేయడం ఎవరి వంతు? వృద్ధాశ్రమం మాట ఇళ్లలో వినిపించేది అప్పుడే.

ఆ మాటతోపాటే సిగ్గు కూడా వస్తుంది. ‘కన్నవాళ్లను వదిలేశారు’ అని ఊరు అంటుందన్న భయంతో చాలామంది గుట్టుగా చేర్పించి వచ్చేస్తారు. పిల్లల్ని బడిలో వేసేటప్పుడు పది వాకిళ్లు తొక్కి, పదిమందిని విచారించేవాళ్లే ఇక్కడ ఒక్క ప్రశ్నా అడగరు. అడగనందువల్ల నష్టపోయేది లోపల మంచంమీద ఉన్న మనిషి.

గదికి లెక్క ఉంది

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లల నుంచి నెలకు రూ.10,000 వరకు పోషణభత్యం ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. తాడిమర్రివాళ్లకైతే ఆ ట్రిబ్యునల్ ధర్మవరం ఆర్డీవో దగ్గర ఉంటుంది. కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం ప్రతి జిల్లాలో పెట్టవచ్చని 19వ సెక్షన్ చెప్పింది, తప్పనిసరి చేయలేదు. ప్రమాణాలు ఖరారు చేసే పనిని రాష్ట్రాలకు వదిలింది.

కేంద్రం పంపిన నమూనా నియమావళిలో మాత్రం కొలతలు స్పష్టంగా ఉన్నాయి. పడకగదిలో మనిషికి 7.5 చదరపు మీటర్లు. వంటగది, భోజనశాల వంటివి కలుపుకొని 18 చదరపు మీటర్లు. మెట్లకు బదులు ర్యాంపులు, పట్టుకోవడానికి కమ్మీలు, వికలాంగులు వాడగలిగే మరుగుదొడ్లు, ప్రథమ చికిత్స, దినపత్రిక, టీవీ, పుస్తకాలు.

జిల్లాకు ఎన్ని ఆశ్రమాలున్నాయో, వాటిలో వైద్య సదుపాయాలెలా ఉన్నాయో రాష్ట్రాల నుంచి తెప్పించాలని సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 13న అశ్వనీ కుమార్ కేసులో కేంద్రాన్ని ఆదేశించింది. ఆశ్రమాలన్నీ రిజిస్టరు కావాలని, కనీస ప్రమాణాలు పాటించాలని చెప్పే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది. స్థాయీ సంఘం పరిశీలన కూడా పూర్తయింది. 2024లో ఆ సభ గడువు ముగియడంతో బిల్లూ మురిగిపోయింది.

చేతులకు లెక్క లేదు

సేవ నాణ్యతను మూడు వైపుల నుంచి చూడాలని వైద్యరంగ పరిశోధకుడు అవేడిస్ డోనాబేడియన్ 1966లో సూత్రీకరించాడు. ఏముంది, ఏం చేస్తున్నారు, చివరికి మనిషి ఎలా ఉన్నాడు. మన నిబంధనలు ఎక్కువగా మొదటిదాని దగ్గరే ఆగిపోయాయి.

ఆస్ట్రేలియా రెండోదాన్ని నిమిషాల్లో కొలుస్తోంది. వృద్ధుల సేవాకేంద్రాల్లో నిర్లక్ష్యంపై అక్కడ 2018లో వేసిన రాయల్ కమిషన్ 2021లో తుది నివేదిక ఇచ్చింది. దరిమిలా 2023 అక్టోబరు నుంచి ఒక్కొక్కరికి రోజుకు సగటున 200 నిమిషాల సేవ తప్పనిసరైంది. ఏడాది తిరిగేసరికి అది 215కి పెరిగింది. ఆ లెక్క ఇక్కడికి తెచ్చి చూద్దాం. కేంద్ర పథకం సాయంతో నడిచే చిన్న ఆశ్రమంలో 25 మంది ఉంటారు. మనిషికి 215 నిమిషాలంటే మొత్తం దాదాపు 90 గంటలు. ఎనిమిది గంటల షిఫ్టుకు ఒకరు చొప్పున పదకొండు మందికి పైనే కావాలి. వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు ఇందులోకి రారు.

ఆదాయాల్లో తేడా ఉంది కనుక అంతమందిని ఇక్కడ పెట్టలేమనవచ్చు. కానీ మనిషి ఒంటికి కావాల్సిన పని ఏ దేశంలోనైనా ఒక్కటే. మంచం పట్టినవాళ్లను రెండేసి గంటలకు ఒకసారి పక్కకు తిప్పకపోతే తుంటి దగ్గర, మడమల దగ్గర పుండు పడుతుంది. మింగలేనివాళ్లకు తొందరగా కుక్కితే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిలిస్తే ఎవరూ రాకపోతే జేజి చీకట్లో తనే బాత్రూముకు బయల్దేరి పడిపోతుంది. ఒక్క ఆయమ్మ రాత్రంతా 25 మందిని చూసుకోవాల్సిన చోట, ఆమె ఎంత మంచిదైనా ఈ మూడూ జరుగుతాయి.

శిక్షణ కూడా అంతే ముఖ్యం. అమెరికాలో 1987 నాటి చట్టం నర్సింగ్‌హోముల్లో సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలంది. సిబ్బంది సౌకర్యం కోసం వృద్ధులను మంచానికి, కుర్చీకి కట్టేయడాన్ని నిషేధించింది.

అడిగి పెట్టే ముద్ద

ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1976లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలోని ఒక నర్సింగ్‌హోంలో ఒక అంతస్తువాళ్లకు చిన్న చిన్న నిర్ణయాలు వదిలేశారు. కుండీలో మొక్కను ఇచ్చి మీరే చూసుకోండన్నారు. మరో అంతస్తులో మొక్కలకు నీళ్లుపోయడం సహా అన్నీ సిబ్బందే చేశారు. మొదటి అంతస్తువాళ్లు మరింత చురుగ్గా, ఉల్లాసంగా కనిపించారు.

జన్మంతా రాగిసంగటి, ఊరిబిండి తిన్న మనిషికి రోజూ ఇడ్లీ పెట్టి ‘వేళకు టిఫిన్ ఇస్తున్నాం’ అంటే సరిపోదు. స్నానం ఎప్పుడు, లైటు ఎప్పుడు ఆర్పాలి, పింఛను డబ్బు ఎవరి దగ్గర ఉండాలి అన్నవి ఆ మనిషినే అడగాలి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు.

చేర్పించే ముందు

భోజనాల వేళ కాకుండా, చెప్పాపెట్టకుండా సాయంత్రం పొద్దుపోయాక వెళ్లాలి. రాత్రి డ్యూటీలో ఎంతమంది, వాళ్లకు శిక్షణ ఎక్కడ ఇచ్చారు, జీతం ఎంత, ఎన్నేళ్లుగా ఉన్నారు? గత నెలలో ఎందరు పడిపోయారు, ఎందరికి పుండ్లు పడ్డాయి? పడిన సంగతి కుటుంబానికి అదే రోజు చెప్పారా? జవాబుకు రిజిస్టరు తీసి చూపించే ఆశ్రమం నమ్మదగ్గది. చేర్పించాక ఏమైనా తేడా కనిపిస్తే ఎల్డర్‌లైన్ 14567కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు; ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతారు.

కుటుంబాల విచారణ ఒక్కటే చాలదు. అడగడానికి ఎవరూ లేనివాళ్లు కూడా ఆ మంచాలమీద ఉన్నారు. ఇంగ్లండులో కేర్ క్వాలిటీ కమిషన్ ప్రతి కేంద్రాన్ని తనిఖీ చేసి ఇచ్చే రేటింగును అందరికీ కనబడేలా ప్రదర్శించాల్సిందే. శ్రీసత్యసాయి జిల్లాలోనూ అలాంటి పని మొదలుకావాలి. ప్రతి ఆశ్రమాన్ని ఏడాదికి రెండుసార్లు, అందులో ఒకసారి రాత్రిపూట, డాక్టరూ నర్సూ కలిసి తనిఖీ చేయాలి. ఆ నివేదికను ఆశ్రమం గేటు దగ్గరా, గ్రామ సచివాలయం బోర్డుమీదా తెలుగులో అంటించాలి. రాత్రి సిబ్బంది ఎంతమంది అన్న అంకె అందులో మొదటి వరుసలో ఉండాలి.