పిల్లికి పచ్చి చేప పెడుతున్నారా?

చేపలు తెచ్చిన రోజు మా ఇంట్లో పండగ మావారికి కాదండోయ్, మా బుజ్జికి! బుజ్జి అంటే మా పెంపుడు పిల్లి. నేను కత్తిపీట ముందు కూర్చుంటే చాలు, చుట్టూ తిరుగుతూ ఒకటే గోల. తలకాయలు, పేగులు అన్నీ దానికే. ఎటూ పారేసేవే కదా అని, కవళ్ళు చవగ్గా దొరికినన్నాళ్ళూ, నెల పైగా, రోజూ అవే పెట్టాను.

ఉన్నట్టుండి అది తిండి మానేసింది. నడిస్తే తూలిపోతోంది. మెడ వాలిపోయి గడ్డం గుండెకి ఆనుతోంది. పక్కింటావిడ ఏదో పెట్టి ఉంటుందని అనుమానపడ్డాను కూడా, పాపం! పశువుల డాక్టరుగారు ఒకటే అడిగారు, "రోజూ పచ్చి చేపలేనా అమ్మా పెడుతున్నారు?" అని. బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. మర్నాటికల్లా తలెత్తి "మ్యావ్" అంది.

సంగతేమిటంటే, కవళ్ళు, బంగారుతీగ లాంటి కొన్ని చేపల్లో, ముఖ్యంగా పేగుల్లో, థయామినేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది బి1ని విరగ్గొట్టేస్తుంది. అన్నంలో కలిపి పెడితే అందులో ఉన్న కాస్త బి1 కూడా పోయినట్టే. 1930ల్లో అమెరికాలోని మిన్నెసోటాలో పెంపకపు నక్కలకి పచ్చి చేపలు పెడితే ఇలాగే కాళ్ళు పడిపోయి చచ్చిపోయాయి. అమెరికా పెద్ద సరస్సుల్లో ఏల్‌వైఫ్ అనే చిన్న చేపల్ని తిన్న సాల్మన్ల పిల్లలూ అంతే. వాటిని బి1 కలిపిన నీళ్ళలో ముంచితే తేరుకున్నాయి.

ఇదంతా చేప కడుపులో చేరిన బాక్టీరియా పనే అని చాలాకాలం అనుకున్నారు. ఏల్‌వైఫ్ పేగుల్లో అలాంటి బాక్టీరియా దొరికింది కూడా. కానీ 2023లో, కొన్ని చేపలు ఆ ఎంజైముని సొంతంగానే తయారుచేసుకుంటాయని తేలింది. కాబట్టి "మాది తాజా చేపేనండీ, జబ్బు లేదు" అంటే కుదరదు. ఫ్రిజ్‌లో గడ్డ కట్టించినా అది పోదు.

పోయేది ఒక్క ఉడికించడంతోనే. మన పులుసు కుతకుతా ఉడుకుతుంది గనక మనకి ఆ బెంగ లేదు.

ఇప్పుడు బుజ్జికి వేరే సత్తుగిన్నె. ఉప్పు, ఉల్లిపాయ వెయ్యకుండా బాగా ఉడికించి, ముళ్ళు తీసి, అదీ ఎప్పుడైనా ఒకసారి పెడుతున్నాను. చల్లారేదాకా గిన్నె ముందే కూర్చుంటుంది. పక్కింటావిడకి మాత్రం నిన్న ఒక గిన్నెడు చేపల పులుసు పంపాను. ఎందుకో చెప్పలేదు లెండి.