పని మీద మనసు ఎప్పుడు నిలుస్తుంది?

సాయంత్రం ఇంటికి వచ్చిన మనిషి చెప్పులు విడిచే తీరు చూసి, ఆ రోజు ఆఫీసు ఎలా గడిచిందో ఇల్లాలు చెప్పేస్తుంది. మనసు బాగుంటే పని బాగుంటుందని యాజమాన్యాలకూ తెలుసు. అందుకే సిబ్బందికి ఉపన్యాసాలు ఇప్పిస్తారు, గోడల మీద నినాదాలు రాయిస్తారు. ఆ మనసు ఎందుకు బాగాలేదో అడిగేవారే తక్కువ.

అమెరికాలోని ఫ్రీమాంట్ పేరు మనకు కొత్త కాదు. మన పిల్లలు ఎందరో ఉద్యోగాలకు వెళ్ళి స్థిరపడిన ఊరు. అక్కడ జనరల్ మోటార్స్ వారి కార్ల ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. ఒక్కోరోజు అయిదుగురిలో ఒకరు పనికి వచ్చేవారు కాదు. వచ్చినవారిలో కొందరు తాగి వచ్చేవారు. కోపం వస్తే కారు తలుపు లోపల ఖాళీ సీసా పడేసి బిగించేవారట, కొన్నవాడికి జీవితాంతం గలగల వినిపించాలని! చివరికి 1982లో ఫ్యాక్టరీ మూతపడింది.

1984లో టయోటా వారు జనరల్ మోటార్స్‌తో కలిసి దాన్ని మళ్ళీ తెరిచారు. విచిత్రమేమిటంటే, పనిలోకి తీసుకున్నది ఎక్కువగా ఆ పాతవాళ్ళనే. యూనియన్ కూడా పాతదే. వందలమందిని జపాను పంపి పని చూపించారు. అధికారులకూ కార్మికులకూ ఒకటే భోజనశాల అన్నారు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక తాడు. పాత రోజుల్లో ఏం జరిగినా లైను ఆపకూడదు. తప్పు కనబడినా కారును ముందుకు తోసెయ్యాల్సిందే. ఇప్పుడు ఎవరికి తప్పు కనబడినా తలపైనున్న తాడు లాగవచ్చు. వెంటనే జట్టు నాయకుడు వచ్చి, కసరకుండా, ఏమైందని అడుగుతాడు. సరికాకపోతే లైను ఆగుతుంది.

రెండేళ్ళు తిరిగేసరికి ఆ కార్లు జపానులో చేసినవాటికి దాదాపు సాటివచ్చాయి. సెలవు చెప్పకుండా మానేసేవారు బాగా తగ్గారు. 1988 ప్రాంతంలో అమ్మకాలు పడిపోయినప్పుడు, ఇచ్చిన మాట ప్రకారం ఎవరినీ తీసెయ్యలేదు. పనిలేనివారికి శిక్షణ ఇచ్చారు. నా మట్టుకు నాకు తాడు కన్నా ఈ మాట నిలబెట్టుకోవడమే పెద్దదనిపిస్తుంది. రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియనివాడు యజమాని తప్పు ఎత్తిచూపుతాడా?

అలాగని అక్కడ అంతా సుఖమేనని కాదు. నిమిషంలో దాదాపు ప్రతి సెకనూ చేతులు ఆడాల్సిందే. పని వేగం మీద యూనియన్‌లో గొడవలు జరిగాయి. 2009లో జనరల్ మోటార్స్ తప్పుకుంది, 2010లో ఆ ఫ్యాక్టరీయే మూతపడింది. ఇప్పుడు అక్కడ టెస్లా కార్లు తయారవుతున్నాయి.

ఇదే టయోటా మన బెంగళూరు పక్కన బిడదిలో 1999 చివరి నుంచి కార్లు చేస్తోంది. పద్ధతులు అవే. అయినా 2020 నవంబరులో పనిభారం గురించి తగాదా ముదిరి, సమ్మె, లాకౌటు దాకా వెళ్ళింది. కార్మికులు నిరసనగా కూర్చున్నారు. వాళ్ళు మళ్ళీ పనిలోకి వెళ్ళేసరికి 2021 మార్చి వచ్చింది.