నచ్చితే నూటపదహార్లు!

పెళ్ళిలో రెండో పంక్తి లేచేసరికి మండపంలో ఓ మూల చిన్న బల్ల వెలుస్తుంది. దాని మీద పొడుగాటి పుస్తకం, వెనక కుర్చీలో పెళ్ళివారికి నమ్మకమైన మనిషి. కవరు అందుకుంటాడు. పేరూ ఊరూ అడుగుతాడు. 'అయిదొందల పదహార్లు' అని పైకి చదువుతూ రాసుకుంటాడు. చదివింపులు! ఇవ్వమని ఎవరూ అడగరు. ఇవ్వకపోయినా తాంబూలం సంచి చేతిలో పెట్టే పంపుతారు. అయినా ఇస్తాం.

ఆ పుస్తకం ఇప్పుడు ఫోన్లోకి వచ్చేసిందంటే నమ్ముతారా?

గుంటూరు బ్రాడీపేటలో మా పక్కింటి కుర్రాడు బ్యాంకు పరీక్షలకు కోచింగు తీసుకుంటున్నాడు. మొన్న ఫిబ్రవరిలో వాళ్ళ ఊరెళ్ళి, కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని ఫొటో తీశాడు. కనుచూపు మేర ఎర్రటి కాయలు, మధ్యలో వాళ్ళ నాయనమ్మ తాలుకాయలు ఏరుతూ కూర్చుంది. దాన్ని 'నోస్టర్' అనే చోట పెట్టాడు. సాయంత్రానికి ఫొటో కింద ఓ మెరుపు గుర్తు, దాని పక్కన 21 అనే అంకె.

"ఏంట్రా అది?"

"డబ్బులు బాబాయ్. ఎవరో పంపారు."

"ఎవరు?"

"తెలీదు. ఊరు బ్రెజిల్లో అని రాసుకున్నాడు."

"ఎందుకు పంపాడు?"

"మిరపకాయలు నచ్చి!"

21 అంటే రూపాయలు కాదు, సతోషీలు. ఒక బిట్‌కాయిన్‌ని పది కోట్ల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక సతోషి. బిట్‌కాయిన్ ధర రోజుకో తీరుగా ఉంటుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి కోటి రూపాయలనుకుంటే సతోషి పది పైసలు. అంటే మావాడికి ముట్టింది రెండు రూపాయల పది పైసలన్నమాట. టీకి కూడా చాలవు. కానీ ఆ రోజంతా కుర్రాడు నేల మీద లేడు.

ఇలా పంపడాన్ని వాళ్ళ భాషలో 'జాప్' అంటారు. ఎవరికి ఎంత ముట్టిందో ఫొటో కిందే అందరికీ కనబడేలా రసీదు పడుతుంది. అచ్చం చదివింపుల పుస్తకమే!

4/14 అంటే చాలదు

ఫేస్‌బుక్ లాంటివి ఒక్కో కంపెనీ కట్టుకున్న మేడలు. అందులో మనం అద్దె కట్టని కిరాయిదార్లం. మన బదులు ప్రకటనలవాళ్ళు కడతారు కాబట్టి గోడలన్నీ వాళ్ళవే. కంపెనీ తాళం వేస్తే మాత్రం అందరం రోడ్డు మీదే. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడినప్పుడు మన పిల్లలకి ఇది అనుభవమే. 2020లో మన దేశంలోనే పుట్టి, తెలుగులోనూ కబుర్లు చెప్పుకోనిచ్చిన 'కూ' కూడా నిధులు కరవై 2024 జులైలో సెలవు తీసుకుంది.

యజమాని ఒక్కడే లేకపోతే? ఆ ఆలోచనతో వచ్చినవే వికేంద్రీకృత సామాజిక వేదికలు. పేరు నోరు తిరక్కపోయినా సంగతి బ్రాడీపేట వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇక్కడ చిరునామా అంటే లైను, అడ్డరోడ్డు. 'నాలుగు బై పద్నాలుగు' అంటే ఆటో అతను తీసుకెళ్ళి దించుతాడు. కానీ రైలుపట్టాలకు అవతల అరండల్‌పేటలోనూ అవే అంకెలు! అందుకే అంకె ఒక్కటే చెబితే చాలదు, పేట పేరు కూడా చెప్పాలి. 2016లో జర్మనీ కుర్రాడు యూజెన్ రోచ్కో మొదలుపెట్టిన 'మాస్టడాన్'లో మన చిరునామా సరిగ్గా ఇలాగే ఉంటుంది. ముందు మన పేరు, తర్వాత మనముండే సర్వరు పేరు. వేల సర్వర్లున్నాయి, ఒక్కోదానికి ఒక్కో నిర్వాహకుడు. ఏ పేటవాళ్ళయినా ఏ పేటవాళ్ళతోనైనా మాట్లాడుకోవచ్చు. మధ్య వంతెన ఒక ఉమ్మడి నియమావళి. 2018 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ ఆమోదించిన దాని పేరు 'యాక్టివిటీపబ్'.

మనవాళ్ళు ఆ వైపు గుంపుగా కదిలింది 2019 నవంబరులో. సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విటర్ నిలిపేయడంతో ఆగ్రహించిన వేలమంది మాస్టడాన్‌లో ఖాతాలు తెరిచారు. చాలామంది కొన్నాళ్ళకే వెనక్కొచ్చేశారనుకోండి. చుట్టాలంతా పాత ఊళ్ళో ఉంటే కొత్త పేటలో ఎన్నాళ్ళుంటాం?

మావాడి నోస్టర్ ఇంకో అడుగు ముందుకేసింది. 'ఫియట్‌జాఫ్' అనే మారుపేరు మనిషి 2020లో దీనికి శ్రీకారం చుట్టాడు. ఇందులో సర్వరు చిరునామా కూడా లేదు. మన చేతిలో ఒక రహస్య తాళంచెవి, అంతే. మన మాటల్ని 'రిలే'లనే కంప్యూటర్లు అందరికీ చేరవేస్తాయి. తాళంచెవి పోగొట్టుకుంటే 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని మొరపెట్టుకోవడానికి అవతల ఎవరూ ఉండరు. మావాడు దాన్ని కాగితం మీద రాసి నాయనమ్మ ట్రంకుపెట్టెలో పెట్టించాడు!

లైటు మోసినవాడి మాటేమిటి?

మా చిన్నప్పుడు ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం ఆడితే కాటిసీను పద్యానికి 'వన్స్ మోర్' కేకలు. ఎవరో మోతుబరి లేచి స్టేజీ మీదకెళ్ళి నోటు చేతిలో పెట్టేవాడు. మైకులో ఆయన పేరు మారుమోగేది. పద్యం పాడినాయనకి అలా రాత్రికి నాలుగైదు నోట్లు. తెల్లారేదాకా పెట్రోమాక్సు లైటుకి గాలికొట్టినవాడికి మాత్రం ఏమీ లేదు.

జాప్‌లలో నాకు కనబడిన చిక్కూ అదే. ఫొటో పెట్టినవాడికి, జోకు వేసినవాడికి సతోషీలు రాలతాయి. ఆ ఫొటోని రాత్రీ పగలూ మోసే రిలేకి? కొన్ని రిలేలు ప్రవేశ రుసుం పెట్టాయి. చాలావాటిని నడిపేవాళ్ళు కరెంటు, సర్వరు ఖర్చులు జేబులోంచే పెట్టుకుంటున్నారు. పెద్దచేతి సాయం లేకపోలేదు. ట్విటర్ స్థాపకుల్లో ఒకరైన జాక్ డోర్సీ 2022 డిసెంబరులో నోస్టర్ కోసం 14 బిట్‌కాయిన్లు ఇచ్చాడు. అయితే జమీందారు దానంతో గుడి కట్టొచ్చు గానీ నిత్యదీపం ఊరివాళ్ళే పెట్టుకోవాలి.

మాస్టడాన్ ఆ నిత్యదీపాన్నే నమ్ముకుంది. ప్రకటనలు లేవు. ఎలాన్ మస్క్ ట్విటర్‌ని కొన్న 2022లో జనం వెల్లువెత్తి, ఆ ఏడాది విరాళాలు మూడు లక్షల యూరోలు దాటాయి. బాగానే ఉంది, కానీ అది తయారుచేసే సంస్థకు వచ్చిన సొమ్ము. విడివిడి సర్వర్ల సంగతి వేరు. ఎవరి జోలె వాళ్ళదే. డబ్బుకి ఓపిక కూడా తోడవ్వాలి. బూతులు తిట్టేవాళ్ళని, మోసగాళ్ళని రాత్రి కూర్చుని ఏరిపారేసేది ఆ నిర్వాహకుడే మరి. అంత పేరున్న మొజిల్లా సంస్థే తన మాస్టడాన్ సర్వర్ని 2024 డిసెంబరులో మూసేసింది.

అడక్కుండా ఇచ్చే సొమ్ముతో ఏదైనా నిలుస్తుందా అని అనుమానమొస్తే ఓసారి చీరాల దగ్గరి వేటపాలెం వెళ్ళిరండి. అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది. దాతల విరాళాలే దానికి ఊపిరి. 1929లో గాంధీజీ వచ్చి శంకుస్థాపన చేశారు. నూరేళ్ళ నాటి పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ ఆ ఊరు వెతుక్కుంటూ వస్తారు. అక్కడ ఇచ్చినవాడికి ఎదురుగా బీరువా కనిపించేది. రిలే ఎవరికి కనిపిస్తుంది?

ఇక అడ్డంకులు. 2023 జూన్‌లో ఆపిల్ సంస్థ 'డామస్' అనే నోస్టర్ యాప్‌ని హెచ్చరించింది. ఒక్కో రాత కింద జాప్ మీట ఉంటే కుదరదు, అలా సొమ్ము మారాలంటే తమ చెల్లింపు పద్ధతిలోనే మారాలంది. ఆ మీటని తీసేయక తప్పలేదు. మన దగ్గర పన్ను సంగతి మరీ ముఖ్యం. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి డిజిటల్ ఆస్తుల మీద లాభానికి 30 శాతం పన్ను. అదే ఏడాది జులై నుంచి, పరిమితి దాటిన లావాదేవీలపై ఒక శాతం టీడీఎస్. రెండు రూపాయలకి ఇంత లెక్కా అనుకోవచ్చు, పోగయ్యాక మాత్రం ఆడిటరుని అడగాల్సిందే. 'సతోషీలు పంపండి, రెట్టింపు చేసిస్తాం' అనేవాళ్ళు అక్కడా ఉన్నారు. వాళ్ళకి దణ్ణం పెట్టి పక్కకి తప్పుకోండి.

2016లో వచ్చిన యూపీఐతో రూపాయి పంపడం మనకిక్కడ చిటికెలో పని. టీకొట్టు గోడ మీద కూడా క్యూఆర్ బొమ్మ ఉంది. అయితే అది దేశం దాటి, ముక్కూమొహం తెలియని బ్రెజిల్ మనిషి జేబులోంచి మిరపకల్లానికి రావాలంటే అంత తేలిక కాదు. జాప్‌కి గిరాకీ అక్కడే.

మొన్న ఆదివారం మావాడిని అడిగాను. "ఒరేయ్, నీ మిరపకాయల్ని మోస్తున్న రిలే ఎవరిదో తెలుసా?" తెల్లమొహం వేశాడు. కాసేపు ఫోను గీకి, ఆ రిలే వివరాల్లో నిర్వాహకుడి ఖాతా పట్టుకున్నాడు. అతని రాతల కింద చూస్తే మెరుపు గుర్తులు ఒకటో రెండో, అంతే. వచ్చినవీ ఇచ్చినవీ పోను మావాడి దగ్గర నాలుగొందల చిల్లర సతోషీలున్నాయి. ఓ నిమిషం ఆలోచించి మీట నొక్కాడు.

"ఎంత పంపావురా?"

"నూటపదహారు బాబాయ్."