స్మారక ఫలకాన్ని ఇంటి కొలిమిలో పోత పోయవచ్చా?

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ ప్రభుత్వం తన సామ్రాజ్యం తరఫున పోరాడి చనిపోయిన సైనికుల కుటుంబాలకు ఒక్కో కంచు బిళ్ల పంపింది. దాని వ్యాసం దాదాపు 12 సెంటీమీటర్లు. మొత్తం 13 లక్షలకు పైగా బిళ్లలు తయారయ్యాయి. ఆ యుద్ధంలో సుమారు 74 వేల మంది భారతీయులు చనిపోయారు కాబట్టి, వాటిలో కొన్ని అవిభక్త భారతదేశపు పల్లెలకూ చేరాయి. బిళ్ల మీద పేరు ఉంటుంది, హోదా ఉండదు. సిపాయికీ జనరల్‌కీ ఒకటే బిళ్ల. ఇంకో విశేషం, ఆ పేరు తర్వాత చెక్కింది కాదు. ప్రతి పేరునూ విడిగా అచ్చులో అమర్చి, బిళ్లతో పాటే ఉబ్బెత్తు అక్షరాలుగా పోత పోశారు.

చెక్కిన పేరుకూ పోత పోసిన పేరుకూ తేడా తెలియాలంటే మన తామ్రశాసనాలను చూస్తే చాలు. తూర్పు చాళుక్యుల శాసనాల్లో రాగిరేకుల మీద అక్షరాలను ఉలితో చెక్కారు. రేకులను కలిపే కడియానికున్న ముద్ర మీద మాత్రం అక్షరాలు, వరాహం ఉబ్బెత్తుగా ఉంటాయి. ఫలకం మొత్తాన్నీ అక్షరాలతో సహా పోత పోసిన పాత ఉదాహరణ ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ దగ్గర సోహ్‌గౌరాలో దొరికింది. మౌర్యుల కాలం నాటిదిగా ఎక్కువ మంది పండితులు భావించే ఆ చిన్న ఫలకంలో ధాన్యాగారాల గురించిన ఆదేశం ఉంది. దానికి వాడింది ఇసుక అచ్చు. ఇవాళ ఇంటి పెరట్లో ఫలకం పోసే వాళ్లు వాడేదీ అదే.

ఇప్పుడు స్మారక ఫలకం అనగానే గ్రానైట్ మీద చెక్కించడమో, స్టీలు రేకు మీద యాసిడ్‌తో అక్షరాలు తీయించడమో మామూలైపోయింది. పోత పోసిన కంచు ఖరీదైన వ్యవహారం. అందుకే చిన్న గ్యాస్ కొలిమి కట్టుకుని తామే పోసుకుందామని కొందరికి అనిపిస్తుంది. ఆలోచన వింతేమీ కాదు. కుంభకోణం దగ్గరి స్వామిమలై, నేపాల్‌లోని పాటన్, బంగ్లాదేశ్‌లోని ధామ్‌రాయ్ వంటి చోట్ల తరతరాలుగా కుటుంబాలు ఇంటిని ఆనుకునే ఉన్న కార్ఖానాల్లో మైనపు అచ్చుతో విగ్రహాలు పోస్తున్నాయి. అయితే విగ్రహానికి మైనం సరిపోయినంతగా బల్లపరుపు ఫలకానికి అవసరం లేదు. దీనికి ఇసుక చాలు. తేలిక కూడా.

కంచు పేరుతో ఏం కరిగిస్తున్నారు?

కంచు అంటే రాగిలో తగరం. పోతకు సాధారణంగా 90 పాళ్లు రాగి, 10 పాళ్లు తగరం మంచి కలయిక. రాగి ఒక్కటే అయితే 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. తగరం కలిస్తే ఆ ఉష్ణోగ్రత తగ్గుతుంది, ద్రవం సన్నటి అంచుల్లోకి బాగా పాకుతుంది. చిన్న ఫౌండ్రీల్లో గన్‌మెటల్ పేరుతో దొరికే మిశ్రమంలో వీటితో పాటు తుత్తునాగం, తరచు సీసం కూడా ఉంటాయి. పోత సులువే కానీ, దాని పొగ ఇంటి పెరట్లో ఉండాల్సింది కాదు.

ఇక్కడే చాలా కుటుంబాల్లో ఒక కోరిక పుడుతుంది. పోయినవారు తిన్న కంచు పళ్లెం, వాడిన చెంబు ఉంటాయి కదా, వాటినే కరిగించి ఫలకంగా పోస్తే బాగుంటుందని. మంచి కోరికే, లెక్క చూసుకోవాలి. పాత్రల కంచులో తగరం పోత కంచు కన్నా చాలా ఎక్కువ, సాధారణంగా 20 నుంచి 22 శాతం. గంటలాగా ఖంగున మోగేది అందుకే. అలాగే కరిగించి పోస్తే ఫలకం పెళుసుగా వస్తుంది, బిగించేటప్పుడు మూల విరగవచ్చు. 22 శాతం తగరమున్న కిలో పళ్లెంలో 220 గ్రాముల తగరం ఉన్నట్టు. దాన్ని 10 శాతానికి దించాలంటే మరో కిలో 200 గ్రాముల శుభ్రమైన రాగి కలపాలి. పాత్రలో ఏముందో ఊహించడం కన్నా మెటల్ టెస్టింగ్ ల్యాబ్‌లో చూపించుకోవడం మేలు.

చెంబు ఇత్తడిదైతే కథ వేరు. ఇత్తడిలో ఉండే తుత్తునాగం 907 డిగ్రీలకే మరిగిపోతుంది. అంటే రాగి కరిగే లోపే అది తెల్లటి పొగగా లేస్తుంది. దాన్ని పీల్చితే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. పోత పనివాళ్లకు బాగా తెలిసిన జ్వరమిది. ఇత్తడిని ఇంట్లో కరిగించకపోవడమే నయం. ఆ చెంబును చెంబుగానే దాచుకోవచ్చు.

పనంతా ఇసుకలోనే

ఫలకం బాగా రావడమో చెడిపోవడమో నిప్పు వెలిగించకముందే చాలావరకు తేలిపోతుంది. ముందు చెక్కతోనో, త్రీడీ ప్రింటర్‌తోనో ఫలకానికి నమూనా చేస్తారు. దాన్ని ఇసుకలో అదిమి తీస్తే మిగిలే గుంటే అచ్చు. నమూనాలో అక్షరాలు మామూలుగా, చదవగలిగేలాగే ఉండాలి. అద్దంలోలా తిప్పి పెట్టాలని కొత్తవాళ్లు పొరబడుతుంటారు. ఇసుకలో అవి తిరగబడతాయి, లోహంలో మళ్లీ సరవుతాయి. కంచు చల్లారేటప్పుడు సుమారు ఒకటిన్నర శాతం కుంచించుకుపోతుంది కాబట్టి 30 సెంటీమీటర్ల ఫలకం కావాలంటే నమూనా దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్లు పొడవుగా ఉండాలి.

అక్షరాల పక్కగోడలు నిటారుగా ఉంటే నమూనాను పైకి తీసేటప్పుడు ఇసుక విరిగి వస్తుంది. అందుకే అడుగు వెడల్పుగా, పైన సన్నగా వాలు ఇస్తారు. ఇంగ్లిష్ పెద్దక్షరాలకు ఇది పెద్ద కష్టం కాదు. తెలుగుకు కష్టమే. మన లిపిలో సున్నా చుట్టిన కడుపులు ఎక్కువ. ‘ఠ’లో, ‘థ’లో లోపల మళ్లీ చుక్క ఉంటుంది. ఆ కడుపులో నిలిచే ఇసుక గోరంత దిబ్బ మాత్రమే. నమూనాతో పాటు అది లేచి వచ్చిందంటే అక్షరం పూడిపోయి ముద్దగా వస్తుంది. పైగా తలకట్టు, గుడి పైకి పోతాయి, వత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లిష్ ఫలకాన్ని చూసి వరుసల మధ్య దూరం కొలిస్తే, పై వరుస వత్తు కింది వరుస గుడిలో దిగబడుతుంది. కాబట్టి తెలుగు ఫలకానికి సన్నగీతల అచ్చుఫాంట్లు పనికిరావు. గీత కనీసం మూడు మిల్లీమీటర్ల మందం, అక్షరం రెండు సెంటీమీటర్ల ఎత్తు ఉంటే నిశ్చింత. దానివల్ల రాసే మాటలు తగ్గుతాయి. బిరుదులన్నీ పట్టవు. అదీ మంచికే అనుకోవచ్చు.

నమూనా సిద్ధమయ్యాక ఇంటి పేరు, దీర్ఘాలు, తేదీలు కుటుంబంలో కనీసం ఇద్దరి చేత చదివించాలి. కంచులో తప్పు దిద్దడం అంటే మళ్లీ పోత పోయడమే.

అచ్చు ఇసుకలో బెంటోనైట్ బంకమన్ను, కాస్త నీరు కలుపుతారు. పిడికిట్లో నొక్కితే వేళ్ల గుర్తులతో సహా నిలవాలి, విరిస్తే శుభ్రంగా రెండు ముక్కలవ్వాలి, చేతికి తడి అంటకూడదు. నీరు ఎక్కువైతే పోసినప్పుడు ఆవిరి పుట్టి ఫలకం నిండా బొక్కలు పడతాయి. నీటికి బదులు నూనె కలిపిన ఇసుక దొరికితే అక్షరాలు ఇంకా నునుపుగా వస్తాయి. రెండు భాగాల చెక్కపెట్టెలో ముందు నమూనా మీద జల్లెడ పట్టిన మెత్తటి ఇసుక, ఆపైన మామూలు ఇసుక వేసి గట్టిగా దిమ్మిస్తారు. అక్షరాల ముఖం అడుగు భాగంలో, కిందికి చూస్తూ ఉండేలా పెట్టడం ముఖ్యం. కరిగిన లోహంలోని మలినం పైకి తేలి ఫలకం వీపున చేరుతుంది, ముఖం శుభ్రంగా మిగులుతుంది. గాలి పోవడానికి సన్నటి ఊచతో పై ఇసుకకు చిల్లులు పొడుస్తారు.

నిప్పు దగ్గర

30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫలకం మూడు కిలోలకు పైగా తూగుతుంది. లోహం నడిచే కాలువలు, పైన ఉండే మిగులు కలుపుకుంటే ఐదు కిలోలు కరిగించాలి. కరిగించే గ్రాఫైట్ పాత్రను మూస అంటారు, ఫౌండ్రీల్లో క్రూసిబుల్ అనే వినిపిస్తుంది. ముందు రాగి కరిగాక చివర్లో తగరం వేస్తారు, లేకపోతే తగరం అనవసరంగా ఆక్సైడ్‌గా మారిపోతుంది. పోసే ముందు కొద్దిగా ఫాస్ఫర్ కాపర్ వేస్తే లోహంలో కలిసిన ఆక్సిజన్ పోతుంది. సుమారు 1100 నుంచి 1150 డిగ్రీల దగ్గర, మధ్యలో ఆపకుండా ఒకే ధారగా పోయాలి. ధార తెగితే ఫలకంలో అతుకు గీత మిగిలిపోతుంది. వంటగదిలోని డొమెస్టిక్ సిలిండర్‌ను కొలిమికి తగిలించడం నిబంధనలకు విరుద్ధమనీ గుర్తుండాలి. అది వంటకే ఇచ్చింది.

ప్రమాదం గురించి చెప్పాల్సింది ప్రధానంగా ఒకటే: నీరు. నీరు ఆవిరైతే దాని పరిమాణం దాదాపు 1700 రెట్లు పెరుగుతుంది. కరిగిన కంచు కిందో, లోపలో చుక్క నీరు చిక్కితే ఆవిరికి దారి ఉండదు, లోహాన్ని చిమ్ముకుంటూ పేలుతుంది. తడి అన్నది కంటికి కనపడేదే కాదు. వానాకాలంలో బయట పెట్టిన రాగిముక్క మీద, కలిపే గరిటె మీద, పాత మూస గోడల్లో తేమ ఉంటుంది. అందుకే మూసలో పడే ప్రతి ముక్కనూ, తగిలే ప్రతి పనిముట్టునూ ముందు కొలిమి అంచున వేడి చేస్తారు. సిమెంటు గచ్చు పొడిగా కనిపించినా లోపల తేమ దాచుకుంటుంది. దాని మీద లోహం ఒలికితే గచ్చే పెచ్చులుగా పేలుతుంది. పొడి ఇసుక పరుపు మీదే పోయాలి. ఒలికితే నీళ్లు పోయకూడదు, పొడి ఇసుక చల్లాలి. ముఖానికి షీల్డ్, తోలు చేతితొడుగులు, తోలు బూట్లు, వాటిని కప్పే నూలు ప్యాంటు తప్పనిసరి. చెప్పులతో, పాలిస్టర్ చొక్కాతో చేసే పని కాదిది.

ఇంతా చదివాక, చేయవచ్చా అంటే చేయవచ్చు. కానీ పోత అనుభవం లేని చేయి మొదటిసారి పోసేది సొంత మనిషి స్మారక ఫలకం కాకూడదు. దుఃఖంలో ఉన్నప్పుడు తొందర ఎక్కువ, ఇసుక ఆరేదాకా ఆగే ఓపిక తక్కువ. నా దృష్టిలో సరైన దారి, నమూనాను ఇంట్లో శ్రద్ధగా చేసుకుని, పోత మాత్రం పారిశ్రామిక వాడల్లో చిల్లర పనులు తీసుకునే చిన్న ఫౌండ్రీకి అప్పగించడం. ఫలకంలో మనదనిపించేదంతా నమూనాలోనే ఉంది. ఏ మిశ్రమం పోస్తున్నారో మాత్రం అడిగి రాయించుకోవాలి. కంచు అని చెప్పి ఇత్తడి పోసినా కొత్తలో కంటికి తేడా తెలియదు.

బిగించాక

చల్లారిన ఫలకం కాలువలు కోసి, అంచులు రాకి, అక్షరాల పైభాగం మాత్రం మెరిసేలా తోముతారు. వెనక నేలను పొటాషియం సల్ఫైడ్ ద్రావణంతో నల్లబరిచి, పైన మైనం పూస్తే అక్షరాలు దూరం నుంచీ కనిపిస్తాయి. గోడకు ఇనుప మేకులు వాడితే కంచు పక్కన ఇనుము త్వరగా తుప్పు పట్టి రాతి మీద గోధుమరంగు చారలు దిగుతాయి. ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులను ఫలకం వీపు నుంచే, బయటికి కనపడకుండా బిగించాలి. తుక్కు ధర తెలిసిన దొంగలకు స్మారకమని జాలి ఉండదు. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఉప్పు వల్ల ఆకుపచ్చ పొడి మచ్చలు లేస్తాయి కాబట్టి మైనం ఏడాదికి రెండుసార్లు పూయాలి.

పండగకి ముందు ఇత్తడి సామానుతో పాటు దీన్నీ చింతపండుతో తోమేయాలని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ పులుపు నలుపునంతా ఊడదీసి, అక్షరాల మూలల్లో చేరి, కొన్నాళ్లకి అక్కడే పచ్చగా తేలుతుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.