పనిచేసే చోట మనస్పర్థలు: మాటలు మానేస్తే సమాధానమేనా?



ఈసారి జబ్బు గురించి కాకుండా గొడవల గురించి రాస్తున్నాము. ఆరోగ్య పత్రికలో ఇదేమిటని మీకు అనిపించవచ్చు. తలనొప్పి అనీ, నిద్ర పట్టడం లేదనీ ఓ.పి.కి వచ్చినవారితో కాసేపు కూర్చుని మాట్లాడితే, పనిచేసే చోట ఎవరితోనో మాటలు లేవన్న సంగతి చాలాసార్లు బయటపడుతుంది. మిల్లులోనైనా, బడిలోనైనా, ఆసుపత్రిలోనైనా నలుగురు కలిసి పనిచేస్తే మాటా మాటా రాక మానదు. వచ్చిన తరువాత ఏం చేస్తామన్నదే అసలు సంగతి.

1974లో అమెరికాలో కెనెత్ థామస్, రాల్ఫ్ కిల్‌మన్ అనే ఇద్దరు పండితులు దీని మీద 30 జతల వాక్యాలతో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. గొడవ వచ్చినప్పుడు మనిషి తన మాట ఎంత గట్టిగా నిలబెట్టుకుంటాడు, ఎదుటివారి అవసరాన్ని ఎంత పట్టించుకుంటాడు అన్న రెండు విషయాలను బట్టి వారు అయిదు తీరులు చెప్పారు. పట్టు పట్టి నెగ్గడం, ఎదుటివారికి తగ్గడం, తప్పించుకు తిరగడం, చెరికొంత వదులుకోవడం, ఇద్దరూ కూర్చుని మూలం వెతికి సరిచేసుకోవడం. వీటిలో ఏదీ ఎల్లప్పుడూ మంచిది కాదు, ఏదీ ఎల్లప్పుడూ చెడ్డది కాదు.

సంఘంలో పెరిగిన మనకు బాగా అలవాటైనది తప్పించుకు తిరగడం. దానికి సాత్వికమని పేరు పెట్టుకుంటాము. మేమూ అలాగే పెట్టుకున్నాము.

చాలా ఏళ్ల క్రితం మేము ఒక ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జిగా ఉన్నప్పుడు ఇద్దరు సిస్టర్లకు క్రిస్మస్ సెలవు దగ్గర మనస్పర్థ వచ్చింది. వరుసగా రెండో ఏడాది కూడా ఒకరికే సెలవు దొరికింది. రెండోవారు పైకి ఏమీ అనలేదు. మాట్లాడడం మానేశారు, అంతే. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరి పనీ ఆగలేదు. మాకు సంగతి తెలుసు. వాళ్లే సర్దుకుంటారులే అని ఆరు వారాలు ఊరుకున్నాము.

ఒక సాయంత్రం డ్యూటీలో ఉన్న సిస్టర్ ఏడున్నరకు ఒక పెద్దాయనకు భోజనానికి ముందు ఇన్సులిన్ వేశారు. అప్పుడే పక్క మంచం దగ్గర పిలిస్తే వెళ్లి, చార్టులో రాయడం మరిచిపోయారు. ఎనిమిదింటికి నైట్ డ్యూటీకి వచ్చింది ఆ రెండో సిస్టరే. మామూలుగా అయితే ఓవర్ ఇచ్చేటప్పుడు ఒక్కొక్క రోగి గురించీ నోటితో చెప్పుకుంటారు. ఆ రోజు పుస్తకం బల్ల మీద పెట్టి ఒకరు వెళ్లారు, పుస్తకం తీసుకుని ఒకరు చదువుకున్నారు. చార్టులో గడి ఖాళీగా ఉంది. మళ్లీ ఇన్సులిన్ వేశారు. పెద్దాయన సిస్టరు చెయ్యి చాపమంటే చాపేవారు, ఏమిటని అడిగే మనిషి కాదు.

పది గంటలకు ఆయన భార్య పరుగున వచ్చి, "సిస్టరమ్మా, ఈయన ఒళ్లంతా చెమటలు, మాట ముద్దగా వస్తోంది" అన్నారు. షుగరు 40కి పడిపోయింది. వెంటనే నరానికి గ్లూకోజు ఎక్కించారు, డాక్టరుగారు వచ్చారు. దేవుని కృపవలన ఆయన కోలుకున్నారు. ఆమె ఆ రాత్రి కునుకు తీసి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ భయం వేస్తుంది. జరిగింది జరిగినట్టు వారికి చెప్పి క్షమాపణ అడిగాము.

మరునాడు ఇద్దరినీ కూర్చోబెడితే తేలింది ఏమిటంటే, మొదటి సిస్టర్ తల్లిగారు మంచాన ఉన్నారు, అందుకే రెండుసార్లు సెలవు అడిగారు. ఆ సంగతి రెండోవారికి తెలియదు. డ్యూటీ చార్టు వేసిన మేమూ చెప్పలేదు. పావుగంటలో తేలే విషయం.

సెలవుల దగ్గర చెరికొంత వదులుకోవడం చక్కగా కుదురుతుంది. ఒకరికి క్రిస్మస్, ఒకరికి కొత్త సంవత్సరం. మందు దగ్గర అది కుదరదు. ఒకరు పది యూనిట్లు అని, ఒకరు ఇరవై అంటే, మధ్యే మార్గంగా పదిహేను వేద్దామనడానికి లేదు. అక్కడ పట్టు పట్టాల్సిందే. కొత్తగా చేరిన సిస్టర్ అయినా సరే, డోసు తప్పనిపిస్తే డాక్టరుగారికి చెప్పాలి, వినకపోతే రెండోసారి చెప్పాలి, అప్పటికీ కాకపోతే మందు ఆపి పైవారిని పిలవాలి. ఇది ఎదురు చెప్పడం కాదని మేము పిల్లలకు మొదటి వారంలోనే చెబుతాము.

తగ్గడం మాటేమిటి అంటారా? ఆదికాండము 13వ అధ్యాయంలో అబ్రాము, లోతుల పశువుల కాపరులకు వచ్చింది పనివాళ్ల గొడవే. పెద్దవాడైన అబ్రామే ముందు మాట కలిపి, నీకు నచ్చిన వైపు తీసుకో అన్నాడు. తగ్గాడు గాని మాట్లాడి తగ్గాడు. మనం లోపల ఉడుకుతూ పైకి నవ్వేది తగ్గడం కిందికి రాదు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మాకు ఇంకా ఇష్టం. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగా అందడం లేదని సణుగుడు వచ్చింది. సంఘంలో గొడవలేమిటని అపొస్తలులు వారి నోరు మూయించలేదు. అందరినీ పిలిచి ఏడుగురిని ఏర్పరచమన్నారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు ఎటునుంచి వచ్చిందో పని అటువైపు వారి చేతిలోనే పెట్టినట్టున్నారు. మేము ఆ తరువాత సెలవుల చార్టు సిస్టర్ల చేతే వేయించాము. గొడవలు పూర్తిగా పోలేదు గాని, బయటికి వస్తున్నాయి.

చిన్న విషయాలకు తప్పించుకోవడమే మేలు. కుర్చీ ఎవరు జరిపారన్న దానికి పంచాయతీ ఎందుకు? కోపం మీద ఉన్నప్పుడు ఒక పూట ఆగడం కూడా మంచిదే. ఆ పూట ఆరు వారాలు కాకుండా చూసుకోవాలి.

ఇప్పుడు మన వార్డుల్లో డ్యూటీ మారేటప్పుడు ఇద్దరు సిస్టర్లు మీ మంచం దగ్గరకే వచ్చి, ఏ మందు వేసిందీ, ఏది వేయాల్సిందీ పైకి చెప్పుకుంటారు. కొందరు రోగులు సిస్టర్లు పోట్లాడుకుంటున్నారేమో అనుకున్నారట. అది ఓవర్. మీరూ వినండి. వేసిన మందు వేయలేదని గాని, వేయని మందు వేశామని గాని వినిపిస్తే వెంటనే చెప్పండి. ఇంజెక్షనుకు చెయ్యి చాపే ముందు, "ఇది దేనికమ్మా?" అని అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.