శనగ చేను నేర్పిన పాఠం

ప్రకృతిని మించిన గురువు లేడంటారు పెద్దలు. ఆ మాట నాకు మా సంజామల నల్లరేగడిలో తెలిసింది.

అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కలు తప్పి, చదువు మానేద్దామని సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయాను. నాయన ఏమీ అనలేదు. పప్పుశనగ చేనికి తీసుకుపోయాడు.

మా వైపు అక్టోబరు, నవంబరు నెలల్లో, వానలు వెనుకబట్టే వేళ శనగ విత్తుతారు. ఆపైన చినుకు పడకున్నా రేగడి దాచుకున్న పదునే దానికి ఆధారం. పైతడి ఆరేకొద్దీ తల్లివేరు తడిని వెతుక్కుంటూ లోతుకు దిగుతుంది. మీటరు దాకా పోగలదు. పైన మొక్క మోకాలెత్తు కూడా ఉండదు! నీరు మితిమీరితే ఆకు గుబురుగా పెరిగి కాయ తగ్గుతుంది. నెల దాటాక తలలు తుంచితే పక్కకొమ్మలు వేస్తుంది. సుమారు 100 రోజుల్లో పంట చేతికొస్తుంది.

కాయలతో వంగిన మొక్కను చూపి, "తల తుంచినామని ఇది అణిగిపాయనా?" అన్నాడు నాయన.

మర్నాడే కాలేజీకి తిరిగొచ్చాను. వచ్చిన లెక్కలు పక్కనబెట్టి, రాని లెక్కలే రోజుకు రెండు గంటలు చేశాను. మార్చి పరీక్షలో గట్టెక్కాను.

ఫలితాలు చూసి దిగులుపడే మిత్రులకు నా మనవి ఒక్కటే: పైతడి ఆరినప్పుడే వేరు లోతుకు దిగే సమయం.